తొందరపడి దింపిన వల

అడిలైడ్
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ప్రియమైన రోజక్కకి,

నీ చెల్లెలు లిల్లీ ప్రేమతో వందనాలు చెప్పి రాస్తున్నది. ప్రభువు దయవల్ల నా ఆరోగ్యం బాగుంది. మీరిద్దరూ కూడా ఆయన కాపుదలలో క్షేమంగా ఉన్నారనే నమ్మకంతో ఈ కాగితం ముందేసుకున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? భీమవరం డాక్టరు రాసిన మాత్రలు వాడుతున్నావా, లేక డబ్బా అలమరలో పెట్టి మరిచిపోయావా? బావగారి బీపీ ఎంత ఉంటోంది? నరసాపురంలో వానలు పడ్డాయా? కాలవలకి నీళ్ళు వదిలారా? నా గురించి ఏమీ బెంగపెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నాను.

ఫోనుండగా ఉత్తరమేంటే అనుకుంటావు. ఫోన్లో ఈ మాట ఎత్తితే నువ్వు అలవాటుగా స్పీకర్ పెడతావు. నా గొంతు వినగానే బావగారు "మేత వెయ్యాలి" అని లేచి చెరువు దగ్గరికి వెళ్ళిపోతారు. ఏడాదిగా ఇదే వరస. పొద్దున చేసినా మేతే, సాయంత్రం చేసినా మేతే. ఆ రొయ్యలకి ఈపాటికి అజీర్తి చేసుండాలి.

పోయిన నెల నువ్వు అడిగావు కదా, "అరవై నిండగానే వచ్చేస్తావు కదే? అప్పటిదాకా పై వాటా ఎవరికీ ఇవ్వనులే" అని. నేను సిగ్నల్ సరిగా లేదక్కా అని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. నా దగ్గర జవాబే లేదు. ఈ రెండు మూడు వారాల్లో అదొక కొలిక్కి వచ్చింది. ఆ జవాబు ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

ముందు ఇక్కడి సంగతులు. చలి ముదిరింది. మన దగ్గర వాన వస్తే మట్టి వాసన వస్తుంది, కప్పలు అరుస్తాయి. ఇక్కడి వాన ఏ సందడీ లేకుండా పొద్దున్నించి సన్నగా పడుతూనే ఉంటుంది. ల్యాబులో పని మామూలే. రైతులు పంపిన విత్తనాలు తడి కాగితం మీద పరిచి, ఎన్ని మొలకెత్తాయో చూసి రాయడం. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివింది ఇందుకా అని ఒక్కోసారి అనిపిస్తుంది గానీ, మొలకలు చూస్తూ బతకడం మరీ చెడ్డ పనేమీ కాదులే. తిండికి లోటు లేదు. రొయ్యలు దొరుకుతాయి, కానీ ఇక్కడ తలతోసహా ఉడకబెట్టేసి ఐసు మీద పేర్చి అమ్ముతారు. మొన్న తెచ్చి, ఫ్రీజర్లో ఉన్న చింతచిగురు వేసి వండాను. రబ్బరు నమిలినట్టుంది. ఉడికినదాన్ని మళ్ళీ ఉడికిస్తే ఏముంటుంది? నువ్వు రొయ్యల్ని ముందు ఉప్పూ పసుపూ వేసి నీరు ఇగరబెడతావు కదా, అదెంతసేపో ఒకసారి చెప్పు. పచ్చివి దొరికిన రోజున చేసుకుంటాను. ఇంట్లో ఒక్కదాన్నే కాబట్టి ఎలా వండినా వంక పెట్టేవాళ్ళు లేరు. అదొక్కటే కష్టం.

ఇక అసలు విషయం. నువ్వు టీచరువి, నీకు పెన్షన్ లెక్క వేరు, అందుకని మొదటినుంచీ చెప్తాను.

ఇక్కడ జీతం చేతికి రాకముందే కొంత తీసి రిటైర్మెంట్ ఖాతాలో వేస్తారు. అమ్మ అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు చర్చికని పిడికెడు తీసి పక్క డబ్బాలో పోసేది చూడు, అలాంటిదే. తేడా ఏంటంటే మన డబ్బాలో బియ్యం బియ్యంగానే ఉండేవి. ఇక్కడ ఆ డబ్బుని దేంట్లో పెట్టాలో మనమే చెప్పాలి. షేర్లలో పెట్టొచ్చు, ఎక్కువ పెరుగుతాయి, ఒక్కోసారి దబ్బున పడతాయి. బాండ్లలో పెట్టొచ్చు, ప్రభుత్వానికో కంపెనీకో అప్పిచ్చినట్టు, వడ్డీ వస్తుంది, నిదానం. లేదా ఊరికే నగదుగా ఉంచొచ్చు. పెరగదు, తరగదు.

వచ్చిన కొత్తల్లో నేను సగం షేర్లు, సగం బాండ్లు అని పెట్టాను. ఏం తెలిసి కాదు, ఎటు మొగ్గాలో తెలియక. నీకు తెలుసుగా, చీరల కొట్లో కూడా రెండు చీరలు చెరో చేత్తో పట్టుకుని గంట నిలబడేదాన్ని. ఆ తర్వాత షేర్లు పెరిగాయి. పెరిగేకొద్దీ సగమున్నవి ముప్పావుకి చేరాయి. నేనేమీ కొనలేదు, వాటంతటవే అలా అయ్యాయి. ఖాతావాళ్ళు ఏటా రాసేవాళ్ళు: మీ పాళ్ళు మారిపోయాయి, పెరిగినదాంట్లోంచి కొంత తీసి తగ్గినదాంట్లో వేసి మళ్ళీ సమం చేసుకోండి అని. చదివి నవ్వుకునేదాన్ని. బాగా కాస్తున్న చెట్టు కొమ్మ నరికి, కాయని చెట్టుకి కంచె కట్టమంటారేంటి అనుకున్నాను. అందులో ఎంత తెలివుందో నాకు అర్థం కాలేదు.

బావగారు నాకోసం పై వాటా కట్టించింది ఆ రోజుల్లోనే. మీకు పిల్లలు లేరు, నాకు పెళ్ళి కుదరలేదు, ముగ్గురం ఒకరికొకరం ఉన్నాం, ఇంకేం కావాలి అన్నావు నువ్వు. అరవైకి వచ్చేస్తాను అక్కా, నీకు అరవై ఎనిమిది, ఇద్దరం మెట్ల మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి గురించీ చెప్పుకుందాం అన్నాను. ఇక్కడి పద్ధతిలో అరవై దాటి పని మానేశాక గానీ ఆ డబ్బు ముట్టుకోవడానికి లేదు. కాబట్టి లెక్క సరిగ్గా కుదిరింది అనుకున్నాను.

తర్వాత షేర్లలో పతనం వచ్చింది. రోజూ పొద్దున్నే ఫోన్లో ఖాతా తెరిచి చూడటమే పని. మన కాలేజీ చదువంతా ఏమైపోయిందో మరి, నాకు ఎవర్ని అడగాలో తోచలేదు. లోకంలో డబ్బు పెట్టి, పోగొట్టుకుని, మళ్ళీ నిలబడిన మనిషి నాకు తెలిసినవారిలో బావగారొక్కరే. ఆయనకే ఫోన్ చేశాను. నువ్వు పక్కనే ఉన్నావు, గుర్తుందా?

"ఏమ్మా లిల్లీ, గొంతేంటి అలా ఉంది?" అన్నారు.

"బావగారూ, చెరువులో రోగం కనిపిస్తే మీరేం చేస్తారండీ?"

"మొదలెట్టిందమ్మా మీ చెల్లెలు. రొయ్యల చెరువు లీజుకి తీసుకుందేమో కనుక్కో," అని నీతో నవ్వి, మళ్ళీ నాతో అన్నారు: "ఏం చేస్తామమ్మా? రొయ్య నీరసించి గట్టుకి చేరిందంటే ఇంకేమీ చూడకూడదు. కిలోకెన్ని తూగుతాయో ఆ కౌంటు చూడకూడదు, రేటు చూడకూడదు. వల దింపెయ్యడమే. వచ్చిన కాడికి అమ్ముకోవడమే. ఒక్కరోజు ఆశకి పోతే చెరువంతా తెల్లారేసరికి తేలిపోద్ది."

నువ్వు వెనకనుంచి, "దానికి ఈ రొయ్యల పురాణం ఎందుకండీ? అది అక్కడ చలికి వణుకుతుంటే!" అన్నావు.

"అడిగింది చెప్తున్నానే. నువ్వు అడక్కుండానే అన్నీ చెప్తావు, నేను అన్నానా ఏమన్నా?"

ముగ్గురం నవ్వాం. ఫోన్ పెట్టేసి, నవ్వు మొహంతోనే, ఖాతా తెరిచి షేర్లూ బాండ్లూ అన్నీ అమ్మేసి నగదులోకి మార్చేశాను. ఎంత తేలికైపోయిందో మనసు! ఆ రోజు కడుపునిండా తిని పడుకున్నాను. తుఫాను వస్తుందని రేడియోలో చెప్తే నాన్న పచ్చిగా ఉన్న చేను కోయించి, కుప్పల మీద టార్పాలిన్లు కప్పించి, ఇంటికొచ్చి నిశ్చింతగా కాళ్ళు కడుక్కునేవాడు చూడు, అలా.

తర్వాత ఆ తుఫాను మన వైపు రానేలేదక్కా. షేర్లు మెల్లగా లేచాయి, పడ్డచోటికి వచ్చాయి, దాటిపోయాయి. నా డబ్బు మాత్రం కోసి పెట్టిన పచ్చి ధాన్యంలా అలాగే ఉండిపోయింది. ఎంత పోయిందో అంకె రాయను. నీకు చెప్పినా అది రూపాయల్లోకి మార్చి, బంగారంలోకి మార్చి, నిద్ర పోగొట్టుకుంటావు.

ఈ సంగతి నేను బావగారితో అనకుండా ఉండాల్సింది. మాటల మధ్య నోరు జారాను. ఆయన "నేను రొయ్యల సంగతి చెప్పానమ్మా," అన్నారు, అంతే. ఆ రోజునుంచే ఈ మేత వెయ్యడాలు.

నా పక్క బల్ల దగ్గర హెలెన్ అని ఒకావిడ పనిచేస్తుంది. వచ్చే ఏడు రిటైరవుతుంది, నోరు కాస్త పెద్దది, మనసు మంచిది. భోజనాల దగ్గర ఆవిడకి ఇదంతా చెప్పాను. వలా, చెరువూ, గట్టూ అన్నీ విన్నది. విని, "మీ బావగారు చెప్పినదాంట్లో తప్పేముంది?" అంది. "రొయ్య చచ్చిపోతే కుళ్ళిపోతుంది, మళ్ళీ లేవదు. తీసి అమ్మాల్సిందే. కానీ లిల్లీ, నీ చెరువులో ఉన్నవి రొయ్యలు కావు కదా. వందల కంపెనీలు. వాటిలో రెండు మూడు చచ్చాయేమో. మిగతావాటి ధర తగ్గింది, ప్రాణం పోలేదు. నీకు ఇంకా పన్నెండేళ్ళుంది. దేనికి తొందర?"

"నువ్వయితే ఏం చేసేదానివి?" అన్నాను ఉక్రోషంగా.

"నేనా? నేను ఉన్నదంతా పెట్టి సముద్రం ఒడ్డున ఇల్లు కొన్నాను. పైకప్పు కారుతోంది. నన్నడక్కు," అని పకపకా నవ్వింది.

ఆవిడ మాట ఒకటి మాత్రం మనసులో తిరుగుతూనే ఉంది. బావగారు చెప్పినదాంట్లో తప్పు లేదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. రోగమొస్తే ఏం చేస్తారు అని అడిగాను. పంట బాగున్నప్పుడు ఏం చేస్తారు అని అడగలేదు. అడిగి ఉంటే ఆయనే చెప్పేవారు. నేను కళ్ళారా చూశాను కూడా, పోయినసారి వచ్చినప్పుడు మొగల్తూరు చెరువు దగ్గర. రొయ్యలు బాగా ఎదిగి ఇరుకైపోతే, సగం పట్టించి అమ్మేశారు. మంచి రేటు ఉంది, ఇంకా పెరుగుతుంది, ఎందుకు ఇప్పుడు అన్నాడు మేత కంపెనీ ఏజెంటు. "పెరిగితే మిగతా సగం ఉందిగా, పడితే ఈ సగం నా జేబులో ఉంది," అన్నారు బావగారు. మిగిలినవి చోటు దొరికి ఇంకా ఎదిగాయి. ఖాతావాళ్ళు ఏటా నాకు రాసిన మాట ఇదే. గట్టు మీద గొడుగేసుకుని నిలబడి చూసి కూడా, నా డబ్బు దగ్గరికొచ్చేసరికి అది గుర్తు రాలేదు.

అక్కా, ఇది ఆయనకి నువ్వు చదివి వినిపించు. ముక్కూ మూతీ విరవకుండా, ఉన్నదున్నట్టు చదువు. నా నష్టం ఆయన చెప్పినదానివల్ల రాలేదు. నేను చీరలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడే మనిషిని. ఆ రోజు ఎవరు గట్టిగా ఏం చెప్పినా అదే చేసేదాన్ని.

ఇంకో విచారం ఏంటంటే, తప్పు తెలిశాక కూడా ఏడాది ఊరుకున్నాను. అమ్మిన రేటు కంటే ఎక్కువ పెట్టి అదే సరుకు మళ్ళీ కొనాలి. చెయ్యి ఎలా వస్తుంది చెప్పు? ఇంకాస్త తగ్గనీ అప్పుడు కొందాం అనుకుంటాను, అది ఇంకాస్త పెరుగుతుంది. ఇప్పుడు కొంటే రేపు పడుతుందేమో అని భయం. నేను కొన్నానని తెలిసి పడుతుందేమో అని కూడా. నవ్వకు. ఆ ఏడాదిలో పోయింది, పతనంలో పోయినదానికి ఏమీ తక్కువ కాదు.

పోయిన నెలలో ఆఫీసులోనే ఒకమ్మాయి వచ్చి అందరికీ ఈ ఖాతాల గురించి విడివిడిగా చెప్పింది. చిన్నపిల్ల, ఇంటర్ చదివే వయసనిపించింది నాకు. నన్ను ఏమీ తిట్టలేదు. పాళ్ళు ముందే అనుకోండి, ఏడాదికొకసారి ఒక తేదీన సమం చేసేలా ఏర్పాటు చేసుకోండి, మధ్యలో వార్తలు చూసి ముట్టుకోకండి అంది. ఏ పాళ్ళు అని అడిగితే, అది ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుందండీ అంది. మీకు ఈ డబ్బు ఎప్పటికి కావాలి?

అరవైకి అన్నాను. నాలుక చివర ఉన్న మాట. ఆ అమ్మాయి ఏవో అంకెలు వేసింది. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, అరవైకి ఆపేస్తే ఇది ఎన్నాళ్ళు వస్తుందో చూపించింది. మీ దగ్గరికొచ్చి, ఒకరి మీద పడకుండా, మందులకీ మాకులకీ చెయ్యి చాపకుండా బతకడానికి చాలదు. మీరు చూడరని కాదు. మీరు చూస్తారనే నా భయం. బావగారు అరవై రెండేళ్ళ వయసులో చెరువు గట్ల మీద తిరిగి సంపాదించినది, నా ఇంజెక్షన్లకి పెట్టడం నేను చూడలేను. మనమెప్పుడూ దీని గురించి మాట్లాడుకోలేదు గానీ, నీకూ తెలుసు.

"అరవై తర్వాత ఇంకో ఐదారేళ్ళు పనిచేసే వీలుందా?" అంది ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా.

నేను ఆలోచించి చెప్తానన్నాను. రెండు వారాలు ఆలోచించాను. నీకు తెలిసిన ఆలోచనే అది, కూర్చుని గోళ్ళు చూసుకోవడం. నా అరవై ఆరు అంటే నీకు డెబ్బై నాలుగు, బావగారికి ఎనభై. డబ్బు వెనక్కి వస్తుందేమో, ఓపిక పడితే. ఆ ఐదారేళ్ళు ఏ పాళ్ళలో పెట్టినా వెనక్కి రావు. మెట్ల మీద కూర్చుని చెప్పుకుందామన్న కబుర్లు, అప్పటికి నీకు మెట్లు ఎక్కడానికి మోకాలు సహకరించాలి కదా. ఇదే నన్ను తినేస్తోంది. మిగతాదంతా అంకెలే.

ఈ రోజు చర్చి నుంచి వచ్చి, టీ పెట్టుకుని, చేశాను. సగం కంటే కాస్త ఎక్కువ షేర్లు, మిగతాది బాండ్లు. ఏడాదికోసారి దానంతట అదే సమం అయ్యేలా. ఎప్పటికి కావాలి అన్న గడిలో అరవై ఆరు అని కొట్టాను. కొట్టిన చేత్తోనే ఉత్తరం మొదలుపెట్టాను. సరైన పనో కాదో తెలియదు. రేపు మార్కెట్ పడితే పడనీ. నేను చూడను. చూడనని నా మీద నాకు నమ్మకం లేక, ఫోన్లోంచి ఆ యాప్ తీసేశాను.

నువ్వు ఏడవకు. ఏడిస్తే బావగారు మళ్ళీ చెరువుకి పోతారు. రెండేళ్ళకోసారి వస్తాను, ఇదివరకు మూడేళ్ళకోసారి వచ్చేదాన్ని. ఒక నెల కాకుండా రెండు నెలలు సెలవు అడుగుతాను. ఇవి మాత్రం ఖాయం. ఇవి నా చేతిలో ఉన్నవి.

నాకోసం ప్రార్థన చేస్తూ ఉండండి. మన పాస్టరు అయ్యగారికీ అమ్మగారికీ నా వందనాలు చెప్పు, స్త్రీల కూడికలో అందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు. బావగారికి నమస్కారాలు. ఈ ఉత్తరం విన్నాక ఆయన్ని ఒకసారి ఫోన్ చెయ్యమను. డబ్బు మాట ఎత్తను, రొయ్యల మాటా ఎత్తను, ఊరికే తిట్టించుకుంటాను.

ఒక్కటి మాత్రం నా మాట వినక్కా. మీ స్కూల్లో కొత్తగా చేరిన టీచరమ్మ, వాళ్ళాయన పై వాటా అడుగుతున్నారన్నావు. ఇచ్చెయ్యి. నువ్వు వారం వారం ఆ మెట్లెక్కి ఖాళీ గదులు ఊడవడం నాకిష్టం లేదు. పదకొండు నెలల అగ్రిమెంటని కాదు, వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఉండమను. వాళ్ళకి పిల్లలుంటే మరీ మంచిది, నీకు కాస్త సందడి. వంటగది గట్టు బావగారు నా పొడుగు కొలిచి ఎత్తుగా కట్టించారు. ఆ అమ్మాయి పొట్టిగా ఉంటుందన్నావుగా. చేతులు నొప్పెడుతున్నాయంటే మేస్త్రీని పిలిచి గట్టు కొట్టించి కిందకి దింపించు. నన్ను అడగాలని ఆగకు.

మీ ఆశీర్వాదాలు కోరుకుంటూ,
నీ లిల్లీ